అమ్మ చేతికి అమరిన ఫోను

సంక్రాంతికి తణుకు వెళ్ళినప్పుడు అమ్మకు కొత్త ఫోను కొన్నాము. పాత ఫోనుకు ఆరేళ్ళు నిండాయి. తెర మీద ఒక మూల నుంచి మరో మూలకు పగులు పాకింది. పొద్దున పూర్తిగా ఛార్జింగ్ పెట్టినా మధ్యాహ్నం భోజనాల వేళకు ఆరిపోతోంది. అయినా ఏడాదిగా అమ్మ దానిని వదలడానికి ఒప్పుకోలేదు. "దీనికి అలవాటు పడిపోయానే, కొత్తదాంట్లో ఏది ఎక్కడుందో వెతుక్కోవడం నా వల్ల కాదు" అనేది. ఆ భయంలో న్యాయం ఉంది. పెట్టెలోంచి బయటికి వచ్చేటప్పటికి ఫోనులోని అమరికలన్నీ ఇరవై ఏళ్ళ కళ్ళకు, ఇరవై ఏళ్ళ వేళ్ళకు సరిపడేట్టు ఉంటాయి. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి, అందులోనూ కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయిన మనిషికి వాటిని సరిచేసి ఇవ్వకపోతే, ఎన్ని వేలు పోసి కొన్న ఫోనైనా టీవీ పక్కన పడి ఉంటుంది.

కిందటిసారి ఫోను కొన్నప్పుడు ఈ పనంతా దుకాణంలో కుర్రాడే చేశాడు. పది నిమిషాల్లో పెట్టె విప్పి, సిమ్ వేసి, ఏదో ఒక పేరుతో గూగుల్ ఖాతా తెరిచి, "అంతా సెట్ చేసేశానండీ" అంటూ అమ్మ చేతిలో పెట్టాడు. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఏమిటో చెప్పలేదు, కాగితం మీద రాసివ్వలేదు. పాస్‌వర్డ్ మరిచిపోతే సాయపడటానికి ఇచ్చిన నంబరు ఎవరిదో ఈనాటికీ మాకు తెలియదు. అందుకని ఈసారి సీలు విప్పకుండా పెట్టెను ఇంటికి తెచ్చుకున్నాము. ఇంటికి వచ్చాక నేను ఒక్కటే నియమం పెట్టుకున్నాను: ఫోను అమ్మ చేతిలోనే ఉండాలి, నేను పక్కన కూర్చుని చెప్పాలి, నొక్కేది ఆవిడే కావాలి. నా చేతిలోకి తీసుకుంటే గంటలో తేలిపోయే పనికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాల్లో ఏమేమి మార్చామో, ఎందుకు మార్చామో, ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను కొనబోయేవారికి పనికి వస్తుందని రాస్తున్నాను. మాది ఆండ్రాయిడ్ ఫోను. కంపెనీని బట్టి మెనూల పేర్లు కొద్దిగా మారతాయి గాని, సెట్టింగ్స్ పైభాగంలో ఉండే వెతుకుడు గడిలో మాట కొడితే కావలసిన అమరిక దొరుకుతుంది.

పెట్టె విప్పగానే ఒక చిన్న పని చేశాము. ప్రతి ఫోనుకు ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోనుకు అలాంటివి రెండు ఉంటాయి. డయల్ చేసే చోట *#06# అని నొక్కితే అవి తెర మీద కనిపిస్తాయి. పెట్టె మీద, బిల్లు మీద ఉన్న సంఖ్యలతో అవి సరిపోవాలి. ఫోను పోయినా, ఎవరైనా కాజేసినా, కేంద్ర టెలికం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటు ద్వారా దానిని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపించడానికి ఈ సంఖ్యనే అడుగుతారు. బిల్లును ఫోటో తీసి నేనూ తమ్ముడూ చెరొకటి దాచుకున్నాము. అసలు కాగితం బీరువాలో ఇంటిపన్ను రసీదుల పక్కన చేరింది.

తరువాత వైఫై కలిపి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూశాము. ఉంది. పెట్టెలో నెలల తరబడి పడి ఉన్న ఫోను కనుక సాధారణంగా ఉంటుంది. "ఇప్పుడే కదే కొన్నాం, అప్పుడే ఏం మరమ్మతు?" అని అమ్మ అడిగింది. ఆవిడకు 2018 ఫిబ్రవరి నాటి సంగతి చెప్పాను. మన 'జ్ఞా' రూపానికి సంబంధించిన ఒక అక్షరాల వరుస సందేశంగా వస్తే చాలు, అప్పట్లో ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెలలోనే 11.2.6 అనే అప్‌డేట్‌తో దానిని సరిదిద్దారు. ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకు అక్షరాలు దిద్దించిన అమ్మకు, ఒక్క తెలుగు అక్షరం అంత పని చేసిందంటే చాలా ఆశ్చర్యం కలిగింది. ఆ తరువాత అప్‌డేట్ ఎందుకని మళ్ళీ అడగలేదు. రాత్రి ఛార్జింగ్‌లో ఉండగా, వైఫై మీదనే దానంతట అదే అప్‌డేట్ అయ్యేట్టు పెట్టాము.

ఇక ఖాతా విషయం. అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం. పాత ఫోనులో ఆ కుర్రాడు తెరిచిన ఖాతా ఇంకా తెరిచే ఉంది గనుక, కాంటాక్ట్స్ యాప్‌లోంచి నంబర్లన్నిటినీ ఒక ఫైలుగా ఎగుమతి చేసి, బ్లూటూత్ ద్వారా కొత్త ఫోనుకు పంపించి, అక్కడ దిగుమతి చేసుకున్నాము. ఆ ఖాతాను మాత్రం కొత్త ఫోనులోకి తీసుకురాలేదు. అమ్మ పేరుతో కొత్త ఖాతా తెరిచి, అమ్మ తనంతట తాను అనుకున్న మాటలతోనే పాస్‌వర్డ్ పెట్టి, దానిని ఆవిడ చేతనే డైరీలో రాయించాను. డైరీ బీరువాలో ఉంటుంది. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాయకూడదని చెప్పేవాళ్ళున్నారు గాని, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు మరిచిపోవడం వల్ల కలిగే నష్టమే పెద్దదని నేను నమ్ముతాను. ఖాతాను తిరిగి తెరవడానికి నా నంబరు, నా ఈమెయిలు ఇచ్చాము. కొత్తగా ఎవరి నంబరు దాచుకున్నా అది సిమ్‌లోకి పోకుండా ఖాతాలోకే వెళ్ళేట్టు కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో మార్చాము. అలా చేస్తే రేపు ఫోను నీళ్ళలో పడినా నంబర్లు పోవు. ఈ ఖాతాలో ఉచితంగా వచ్చేది 15 జీబీ చోటు. ఫోటోలు, ఈమెయిళ్ళు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. కాబట్టి కెమెరాతో తీసిన ఫోటోలకే బ్యాకప్ పెట్టి, వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మల ఫోల్డరును దానిలోంచి తప్పించాము.

మొదటి సాయంత్రంలో సగం అక్షరాలకే పోయింది, పోవలసిందే కూడా. ఫోను భాషను తెలుగు చేయగానే అమ్మ ముఖం విప్పారింది. కానీ ఫోనును చేయి చాచినంత దూరం పెట్టి చూసి, "అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టున్నాయే" అంది. ఇంగ్లీషుకు సరిపోయే సైజు తెలుగుకు సరిపోదు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి. కింద వత్తు వేలాడుతుంది. ద, ధ, థల మధ్య తేడా కింద ఒక చిన్న గీత, పొట్టలో ఒక చుక్క మాత్రమే. అక్షరం చిన్నదైతే ఆ చుక్కా గీతా ముందు మాయమవుతాయి. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున వచ్చే పంచాంగాన్ని తెరిచి, అదే మా కొలబద్ద అనుకున్నాము. 'ద్వాదశి'లో వవత్తు, 'కృత్తిక'లో ఋత్వం, తవత్తు విడివిడిగా కనబడేదాకా అమ్మ ఫాంట్ సైజు గీతను ఒక్కొక్క మెట్టు జరుపుకుంటూ పోయింది. మూడో మెట్టు దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి చూసి, ఇంకొక మెట్టు జరిపింది.

ఫాంట్ సైజు పక్కనే డిస్‌ప్లే సైజు అని మరొకటి ఉంటుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది అక్షరాలను మాత్రమే పెంచుతుంది. రెండోది యాప్ బొమ్మలను, బటన్లను, ఖాళీ జాగాను, అన్నిటినీ కలిపి పెంచుతుంది. రెంటినీ చివరిదాకా లాగితే బటన్ల మీద మాటలు సగంలో తెగిపోయి, ఏది నొక్కాలో తెలియకుండా పోతుంది. మేము మొదట ఆ పొరపాటు చేసి, ఒక బ్యాంకు యాప్‌లో కిందనుండే బటన్ తెర దాటిపోయేసరికి వెనక్కి వచ్చాము. ఫాంటును బాగా పెంచి, డిస్‌ప్లేను ఒక్క మెట్టు మాత్రమే పెంచి, బోల్డ్ అక్షరాలు పెట్టడం అమ్మకు కుదిరింది. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను రెట్టింపు దాకా పెంచుకోవచ్చు; అందులో ఇప్పటికే పెద్దగా ఉన్న శీర్షికలు తక్కువగా, చిన్న అక్షరాలు ఎక్కువగా పెరుగుతాయి గనుక పేజీ మరీ చెదిరిపోదు. మరొక సదుపాయం ఆండ్రాయిడ్ 13 నుంచి ఉంది: ఫోనంతా తెలుగులో ఉంచుకుని, ఏదైనా ఒక యాప్‌ను మాత్రం ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. మెనూలలోని కొన్ని తెలుగు మాటలు ఎవరో మాటకు మాట అప్పజెప్పినట్టు ఉంటాయి. అవి ఎంత చదివినా అర్థం కావు. బ్యాంకు వాళ్ళు ఫోనులో చెప్పే మాటలకు తెర మీది మాటలు కలవాలంటే ఆ యాప్ ఇంగ్లీషులో ఉండటమే మేలని అమ్మే తేల్చింది.

వెలుతురు సంగతి త్వరగానే తేలింది. ఆపరేషన్ అయిన కంటికి రాత్రిపూట తెల్లటి తెర గుచ్చుకున్నట్టు ఉంటుందని చెప్పింది కనుక, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా తెర పసుపు ఛాయలోకి మారేట్టు పెట్టాము. తెర ఆరిపోయే గడువు 30 సెకన్లు ఉండేది. ఒక సందేశం సగం చదివేలోపే ఆరిపోతే మళ్ళీ తాళం తీయవలసి వస్తుంది గనుక దానిని 2 నిమిషాలకు పెంచాము.

టైపింగ్ దగ్గర నాకు ఒక పాఠం అందింది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు మాట వచ్చే కీబోర్డు నాకు అలవాటు గనుక అమ్మకూ అదే పెట్టబోయాను. "అ రాయడానికి ఏ కొట్టమంటావేమిటే?" అని ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. గూగుల్ వారి కీబోర్డు జీబోర్డులో వేలితో రాసే పద్ధతి ఉందని గుర్తొచ్చి, తెలుగు చేతిరాతను చేర్చాను. అమ్మ చూపుడువేలితో, పలక మీద రాసినట్టుగా, నిదానంగా 'క్షేమం' అని రాసింది. వత్తు రాసి వేలు ఎత్తగానే పైన అచ్చు అక్షరాల్లో 'క్షేమం' అని వచ్చింది. మరో నాలుగు మాటలు రాసి, పూణేలో ఉన్న తమ్ముడికి పంపింది. ఆరేళ్ళుగా అమ్మ దగ్గర నుంచి బొమ్మలూ, ఫార్వర్డులూ తప్ప సొంత వాక్యం అందుకోని తమ్ముడు వెంటనే ఫోను చేశాడు. పెద్ద సందేశమైతే మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పినా రాసుకుంటుంది. కానీ అమ్మకు రాయడమే ఇష్టం.

స్పర్శకు సంబంధించిన అమరికలు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అమ్మకు పాత ఫోనులో తరచూ ఒక ఇబ్బంది ఉండేది: యాప్‌ను తెరుద్దామని వేలు పెడితే అది అక్కడి నుంచి కదిలి మరెక్కడికో పోయేది, లేదా మాయమయ్యేది. వయసు వచ్చిన వేలు తెర మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది; ఫోను దానిని 'నొక్కి పట్టుకోవడం' అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే భాగంలో ఎంతసేపు నొక్కితే నొక్కి పట్టినట్టు లెక్కో మార్చుకోవచ్చు. దానిని 'ఎక్కువ' అని పెట్టగానే ఆ బాధ తప్పింది. తెర మీది యాప్‌లు కదలకుండా హోమ్ స్క్రీన్‌కు తాళం కూడా వేశాము. వేలితో కింది నుంచి పైకి తోసే కొత్త పద్ధతిని తీసేసి, కింద మూడు బటన్లు ఉండే పాత పద్ధతిని తెచ్చాము. మొదటి తెర మీద ఫోను, సందేశాలు, వాట్సాప్, కెమెరా, ప్రవచనాలు వినే యూట్యూబ్, టార్చిలైటు, అంతే. మిగతావన్నీ లోపలికి వెళ్ళాయి.

శబ్దాల విషయంలో రింగు వేరు, పాటల శబ్దం వేరు, నోటిఫికేషన్ల శబ్దం వేరు అని అమ్మకు ఒక్కొక్కటీ వినిపించి చూపించాను. వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా వినబడేంతగా రింగు పెంచాము. నాకు ఒక రింగు, తమ్ముడికి ఒక రింగు. రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా డు నాట్ డిస్టర్బ్ పెట్టి, మా ఇద్దరినీ, ఎదురింటివాళ్ళనూ దానికి మినహాయింపుగా చేర్చాము. 15 నిమిషాల లోపల ఒకే నంబరు నుంచి రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే అమరిక కూడా అందులోనే ఉంది. అత్యవసరమైనవాళ్ళు ఎటూ మళ్ళీ చేస్తారు గనుక దానిని అలాగే ఉంచాము. ఇక నోటిఫికేషన్లు. ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి యాప్ నోటిఫికేషన్ పంపడానికి ముందుగా అనుమతి అడగాలి. అమ్మ ఏది అడిగినా 'అనుమతించు' అని నొక్కేసేది. ఇప్పుడు కొనుగోళ్ళ యాప్‌లకూ, ఆటలకూ, ఫోనుతో పాటే వచ్చిన వార్తల యాప్‌కూ వద్దని చెప్పింది. లాక్ స్క్రీన్ మీద రోజుకొక ప్రకటన బొమ్మ చూపించే అమరికను వెతికి మరీ ఆపేశాము. తాళం తీయబోయి ఆ బొమ్మను నొక్కి, ఎక్కడికో వెళ్ళిపోయి కంగారుపడే పెద్దవాళ్ళను నేను చాలామందిని చూశాను.

రెండో సాయంత్రం తాళంతో మొదలైంది. అమ్మ పుట్టిన సంవత్సరం పెట్టబోతే వద్దన్నాను. చుట్టాలందరికీ తెలిసిన అంకెలవి. ఎవరికీ తోచని ఆరు అంకెలు ఆవిడే అనుకుని పెట్టుకుంది. వేలిముద్ర మాత్రం మొరాయించింది. ఏళ్ళ తరబడి అంట్లు తోమి, కూరలు తరిగిన వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. చలికాలంలో వేలి చర్మం ఎండి మరీ కష్టమవుతుంది. చేతులు కడిగి, కొబ్బరినూనె చుక్క రాసి తుడుచుకుని, కుడి బొటనవేలినే రెండుసార్లు వేర్వేరు ముద్రలుగా, వేలి అంచుల దాకా తిప్పుతూ నమోదు చేశాము. ఎడమ బొటనవేలును కూడా చేర్చాము. తాళం వేసి ఉండగా సందేశాల్లోని విషయం పైకి కనబడకుండా పెట్టాము. మొదట అమ్మకు అది నచ్చలేదు. ఫోను బల్ల మీద ఉండగా పక్కన కూర్చున్న ఎవరికైనా ఓటీపీ కనబడుతుందని నా నంబరు నుంచి ఒక ఉత్తుత్తి సందేశం పంపి చూపించాక ఒప్పుకుంది.

డబ్బు విషయంలో మేము చేసిన అతి ముఖ్యమైన అమరికకు యూపీఐ యాప్‌తో సంబంధం లేదు. సెట్టింగ్స్‌లో 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం' అని ఒకటి ఉంటుంది. వాట్సాప్, బ్రౌజరు, ఫైళ్ళ యాప్ అన్నిటి ఎదురుగా అక్కడ 'అనుమతి లేదు' అని ఉండాలి. పెళ్ళి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ డబ్బులు అనీ చెప్పి ఏపీకే ఫైళ్ళు (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళు) పంపి, వాటి ద్వారా ఫోనులోకి చొరబడి, ఓటీపీలు చదివి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు మన ఊళ్ళలోనూ జరుగుతున్నాయి. "నిజంగానే ఎవరైనా శుభలేఖ పంపితే?" అని అమ్మ అడిగింది. నిజమైన శుభలేఖ బొమ్మగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది; దానిని చూడటానికి ఫోను ఏ యాప్‌నూ ఇన్‌స్టాల్ చేయమని అడగదు. అలా అడిగిందంటే మూసేసి, నాకు ఫోను చేయమన్నాను. ఆ వాక్యాన్ని అమ్మ డైరీలో రాసుకుని, దాని కింద ఇంకొకటి చేర్చింది: మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదు. మూడోది నేను చెప్పాను: డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది.

యాప్‌ల అనుమతులను ఒక్కొక్కటే తెరిచి చూశాము. టార్చిలైటుకు కాంటాక్టులతో పని లేదు, క్యాలెండరుకు మైకుతో పని లేదు. కెమెరాగానీ మైకుగానీ వాడుకలో ఉన్నప్పుడు తెర పైమూలలో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుందని చూపించాక, అమ్మ వీడియో కాల్ చేసి ఆ గుర్తును తన కళ్ళతో చూసి నిర్ధారించుకుంది.

వాట్సాప్‌ను చివరికి ఉంచడానికి కారణం ఉంది. మా పెద్దమ్మ మూడేళ్ళ క్రితం పోయింది. ఆవిడకు రాయడం ఇబ్బందిగా ఉండేది కనుక అన్నీ గొంతుతోనే పంపేది: ఆవకాయకు ఏ కాయ తీసుకోవాలి, మనవరాలికి పన్ను ఎప్పుడు వచ్చింది, మోకాలి నొప్పికి ఏ తైలం. అవన్నీ పాత ఫోనులో ఉన్నాయి. అమ్మ ఏడాదిగా కొత్త ఫోను వద్దన్నది అందుకేనని ఆ రెండో సాయంత్రమే నాకు తెలిసింది. రెండు ఫోనులనూ ఛార్జింగ్‌లో పెట్టి, పక్కపక్కనే ఉంచి, పాత ఫోనులో వాట్సాప్ సెట్టింగ్స్‌లోని చాట్స్‌లోకి వెళ్ళి, చాట్‌లను బదిలీ చేసే అమరిక తెరిచాము. కొత్త ఫోనులో అదే నంబరుతో వాట్సాప్ తెరిచినప్పుడు వచ్చిన క్యూఆర్ కోడ్‌ను పాత ఫోనుతో స్కాన్ చేయగానే బదిలీ మొదలైంది. ఈ పద్ధతి 2023లో వచ్చింది. ఖాతాలోని బ్యాకప్‌తో పని లేకుండా ఒక ఫోను నుంచి మరొకదానికి నేరుగా వెళుతుంది గనుక, ఆ తెలియని పాత ఖాతా మాకు అడ్డు రాలేదు. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అమ్మ బల్ల దగ్గర నుంచి లేవలేదు.

బదిలీ పూర్తయ్యాక రెండు అంచెల ధ్రువీకరణకు ఆరు అంకెల పిన్ పెట్టాము, గ్రూపుల్లో చేర్చే హక్కును కాంటాక్టులకే పరిమితం చేశాము, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా ఆపాము, ఫోటోలూ వీడియోలూ వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా పెట్టాము.

అత్యవసర అమరికలు మిగిలాయి. లాక్ స్క్రీన్ మీది 'ఎమర్జెన్సీ' నొక్కితే ఎవరికైనా కనబడేట్టు అమ్మ రక్తపు గ్రూపు, మధుమేహం మందుల పేర్లు, పడని మందు, మా ఇద్దరి నంబర్లు నింపాము. ఆండ్రాయిడ్ 12 నుంచి పవర్ బటన్‌ను ఐదుసార్లు గబగబా నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళే ఏర్పాటు చాలా ఫోనుల్లో ఉంది. మన దేశంలో ఆ నంబరు 112. సంచిలో ఫోను నలిగినప్పుడు దానంతట అదే వెళ్ళకుండా, బటన్ నొక్కాక తెర మీద కూడా నొక్కి పట్టుకోవలసిన పద్ధతిని ఎంచుకున్నాము. 108ని మాత్రం అమ్మ వేరుగా దాచుకుంది. 2005లో హైదరాబాదులో మొదలైన ఆ అంబులెన్సు నంబరు మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చినదే. లొకేషన్ ఆన్ చేసి, పోయిన ఫోనును వెతికే సదుపాయాన్ని పరీక్షించడానికి అమ్మ ఫోనును సైలెంటులో పెట్టి బియ్యం డబ్బా వెనక దాచాను. నా ఫోనులోంచి 'మోగించు' అని నొక్కగానే వంటింట్లోంచి పెద్దగా మోగింది. సైలెంటులో ఉన్నా ఐదు నిమిషాల దాకా మోగుతుంది. కళ్ళజోడు, ఫోను రోజుకు నాలుగుసార్లు వెతుక్కునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

బ్యాటరీకి పెద్దగా చేసింది లేదు. తెర సెకనుకు 120 సార్లు మారేట్టు ఉంటే 60కి తగ్గించాము. అమ్మ చూసేవాటికి అంతకన్నా అక్కరలేదు. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే అమరిక ఈ ఫోనులో ఉంది కనుక అదీ పెట్టాము.

పాత ఫోనును వెంటనే చెరపలేదు. శివరాత్రికి మళ్ళీ వెళ్ళినప్పుడు, కొత్త ఫోనులో పెద్దమ్మ సందేశాలన్నీ తెరుచుకుంటున్నాయా అని అడిగాను. ఒక్కొక్కటీ విని, తేదీలతో డైరీలో టిక్కు పెట్టి ఉంచింది. మొత్తం అరవై రెండు. అప్పుడు పాత ఫోనులోని ఖాతాను ముందుగా తీసేశాము. అది తీయకుండా ఫోనును చెరిపితే, కొన్ని సందర్భాల్లో మళ్ళీ తెరిచినప్పుడు ఆ పాత ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన దొంగతనాల రక్షణ అది. సిమ్, మెమరీ కార్డు బయటికి తీసి, 'మొత్తం డేటాను తొలగించు' అన్న చోటికి వచ్చి ఆగాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, తెర మీది హెచ్చరికను మొదటి నుంచి చివరిదాకా చదివి, బటన్ తనే నొక్కింది.